రాయి ఎవరిది? యాది ఎవరిది?

పారిస్ అనగానే ఇనుప బురుజు కళ్ల ముందు నిలబడుతుంది. న్యూయార్క్ అంటే చేతిలో కాగడా ఎత్తిన స్త్రీమూర్తి. ఆగ్రా అంటే తాజ్‌మహల్. బొంబాయి అంటే సముద్రం ఒడ్డున గేట్‌వే. ఢిల్లీ అంటే ఎర్రకోట, ఇండియా గేట్. హైదరాబాద్ పేరెత్తితే చార్మినార్ తప్ప ఇంకొకటి ఎవరి మనసులోనూ మెదలదు. ఆ ఊరు చూడనివాళ్లు సైతం ఆ బొమ్మ చూసి ఊరి పేరు చెప్పేస్తారు. ఒక కట్టడానికి ఇంతటి బలం ఎక్కడినుంచి వస్తుంది? కట్టించిన రాజు ఇస్తాడా? సర్కారు జీవో ఇస్తుందా? శిల్పి ఉలి ఇస్తుందా? లేక దాని చుట్టూ బతికిన జనం, దాని ముందు కొట్లాడిన జనం ఇస్తారా?

ఉద్యమ పత్రికకు ఈ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. నీళ్లు, నిధులు, నియామకాల గురించి రాయాల్సిన చోట రాళ్లు, విగ్రహాల గురించి ఎందుకని అడగొచ్చు. కారణం ఉంది. ఒక నగరానికి గుర్తు ఏదో నిర్ణయించేవాడే ఆ నగరం ఎవరిదో కూడా నిర్ణయిస్తాడు. ఒక జాతి ఎవరిని యాది పెట్టుకోవాలో, ఎవరిని మరిచిపోవాలో తేల్చే అధికారం చిన్న అధికారం కాదు. నీళ్లు దోచుకున్నవాడు ముందుగా యాదిని దోచుకుంటాడు. ఈ సంగతి తెలంగాణకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటినా ఈ కొట్లాట ముగిసిపోలేదు. 2024 ఒక్క ఏడాదిలోనే రాష్ట్ర అధికార చిహ్నం మీద ఒక రచ్చ, తెలంగాణ తల్లి రూపం మీద మరో రచ్చ జరిగాయి. రెండింట్లోనూ పార్టీలు మాట్లాడాయి. జనం మాట మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే ఈ వారం సంపాదకీయానికి ఈ విషయం తీసుకున్నాం.

ముందు ప్రపంచం సంగతి చూద్దాం. ఫ్రెంచి విప్లవానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1889లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు. దానికోసం గుస్టావ్ ఐఫిల్ కంపెనీ 300 మీటర్ల ఇనుప బురుజు కట్టింది. ఇవాళ పారిస్‌కు ప్రాణంలాంటి ఆ కట్టడాన్ని ఆనాడు వద్దన్నది ఎవరో తెలుసా? ఆ నగరంలోని పేరు మోసిన రచయితలు, కళాకారులు. 1887లో వాళ్లు పత్రికలో నిరసన లేఖ వేయించారు. గొప్ప కథకుడు మొపాసా సంతకం కూడా అందులో ఉంది. ఈ ఇనుప కుప్ప మా నగరానికి అవమానం అన్నది వాళ్ల వాదన. సర్కారుకు కూడా దానిమీద శాశ్వతమైన ప్రేమ ఏమీ లేదు. ఇరవై ఏళ్లకే అనుమతి ఇచ్చింది, ఆ తర్వాత విప్పేయొచ్చు అనుకుంది. కానీ ఆ శిఖరం మీదినుంచి వైర్‌లెస్ సందేశాలు పంపొచ్చని తేలడంతో అది బతికిపోయింది. ఈలోపు మెట్లెక్కి తమ ఊరిని తాము పైనుంచి చూసుకున్న మామూలు జనం దాన్ని తమది చేసుకున్నారు. పెద్దలు కాదన్నారు, సర్కారు గడువు పెట్టింది, జనం నిలబెట్టారు. చరిత్ర ఇది.

అదే బురుజు మీద ఇంకో పాఠం కూడా ఉంది. దాని నడుము చుట్టూ 72 మంది శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల పేర్లు చెక్కారు. కట్టిన నాడు ఆ 72లో ఒక్క మహిళ పేరు లేదు. ఆకాశంలో వేలాడుతూ ఇనుప బద్దలకు రివిట్లు కొట్టిన కూలీల పేర్లు ఆ వరుసలోకి రానేలేదు. ఎంత గొప్ప కట్టడమైనా కట్టేనాడు ఎవరికి జాగ ఇచ్చారు, ఎవరిని బయట నిలబెట్టారు అన్న ప్రశ్న దాన్ని వదలదు. నూరేళ్లు గడిచినా వదలదు.

న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ కథ మనలాంటి పత్రికలవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. ఆ విగ్రహం ఫ్రాన్స్ ప్రజల కానుక. శిల్పి బార్తోల్డి. లోపలి ఇనుప అస్థిపంజరం అదే ఐఫిల్ పని. విగ్రహం తయారైంది గానీ అది నిలబడాల్సిన పీఠానికి అమెరికాలో డబ్బు పుట్టలేదు. కోటీశ్వరులు చేతులు ముడుచుకున్నారు. అప్పుడు జోసెఫ్ పులిట్జర్ అనే పత్రికాధిపతి 1885లో తన 'వరల్డ్' పత్రిక ద్వారా జనాన్ని చందా అడిగాడు. ఎంత ఇచ్చారన్నది చూడకుండా ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు అచ్చు వేస్తానన్నాడు. వేశాడు కూడా. లక్ష మందికి పైగా ఇచ్చారు. అందులో ఎక్కువమంది ఇచ్చింది ఒక్క డాలరు కన్నా తక్కువ. పిల్లలు దాచుకున్న చిల్లర ఇచ్చారు. నెలల్లోనే లక్ష డాలర్లు దాటింది. స్వేచ్ఛ నిలబడ్డది పేదవాళ్ల పైసల మీద.

1886 అక్టోబర్ 28న దాన్ని ఆవిష్కరించారు. ఆ రోజు దీవి మీద జరిగిన వేడుకలో పెద్దమనుషులంతా మగవాళ్లే. ఓటు హక్కు అడుగుతున్న మహిళలు ఒక పడవ కిరాయికి తీసుకుని దీవి చుట్టూ తిరుగుతూ నిరసన చెప్పారు. ఆడమనిషి రూపంలో స్వేచ్ఛను నిలబెట్టి, బతికి ఉన్న ఆడమనిషికి ఓటు ఇవ్వరా అని నిలదీశారు. విగ్రహం పెట్టినవాళ్ల దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ తర్వాత కాలంలో ఓడల్లో వచ్చిన లక్షల మంది వలస జనం ఆ కాగడాను చూసి అది తమకోసమే వెలుగుతున్నదని నమ్మారు. ఫ్రాన్స్–అమెరికా స్నేహానికి గుర్తుగా పెట్టింది కాస్తా దిక్కులేనివాళ్లకు ఆసరా గుర్తు అయింది. పెట్టినవాళ్లు అనుకున్న అర్థం ఒకటి. జనం ఇచ్చుకున్న అర్థం ఇంకొకటి. నిలిచింది జనం ఇచ్చిన అర్థమే.

మన దేశంలో దీనికి ఇంతకన్నా మంచి ఉదాహరణలు ఉన్నాయి. బొంబాయి గేట్‌వే ఎందుకు కట్టారు? 1911లో బ్రిటిష్ రాజు, రాణి అక్కడ కాలు పెట్టినందుకు. 1924 నాటికి పూర్తయింది. వలస పాలకుడు తన రాకకు తానే కట్టుకున్న స్వాగత తోరణం అది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1948 ఫిబ్రవరి 28న ఈ దేశంలో మిగిలిన ఆఖరి బ్రిటిష్ సైనిక దళం అదే తోరణం కిందినుంచి నడిచి ఓడ ఎక్కింది. స్వాగతం చెప్పడానికి కట్టిన తలుపు సాగనంపే తలుపు అయింది. రాయి మారలేదు. దాని అర్థాన్ని ఒక జాతి తిప్పి రాసింది.

ఎర్రకోట షాజహాన్ కట్టించింది. 1858లో బ్రిటిష్‌వాళ్లు బహదూర్ షా జఫర్‌ను విచారించింది అందులోనే. 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ వీరుల మీద కేసు నడిపిందీ అక్కడే. అందుకే స్వాతంత్ర్యం వచ్చాక 1947 ఆగస్టు 16న నెహ్రూ జెండా ఎగరేసింది ఆ కోట బురుజు మీదే. రాజు కట్టిన కోట గదా, రాచరికపు ఆనవాలు గదా అని ఈ దేశం దాన్ని వదులుకోలేదు. పాలకుల అహంకారం ఎక్కడ కొలువుతీరిందో అక్కడే ప్రజల జెండా ఎగరాలనుకుంది. ఇండియా గేట్ దగ్గర మాత్రం వేరే పని చేసింది. అక్కడ గొడుగు కింద 1936లో నిలబెట్టిన జార్జి చక్రవర్తి విగ్రహాన్ని 1968లో తీసేసింది. ఆ గొడుగు దశాబ్దాల పాటు ఖాళీగా ఉంది. 2022లో అక్కడ నేతాజీ విగ్రహం పెట్టారు. ఆ 28 అడుగుల విగ్రహం చెక్కిన గ్రానైట్ రాయి ఎక్కడిది? మన ఖమ్మంది. 280 టన్నుల బండ 1,665 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఢిల్లీ చేరింది. దేశ రాజధాని నడిబొడ్డున నిలబడ్డ గుర్తులో తెలంగాణ రాయి ఉంది. ఎంతమందికి తెలుసు?

ఇక మన ఇంటికి వద్దాం. చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. చార్మినార్ ఒంటిగా పుట్టలేదు, కొత్త నగరానికి నడుమగా పుట్టింది. నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. ఆ దిక్కులకు బాటలు, బాటల వెంట బజార్లు, బజార్ల వెనక బస్తీలు. ఆరో నిజాం కాలంలో అది హైదరాబాద్ నాణెం మీదికి ఎక్కింది. తర్వాత సిగరెట్ పెట్టె మీదికి, రైలు పేరులోకి ఎక్కింది. మొహర్రం నాడు బీబీ కా ఆలం దాని ముందునుంచి పోతుంది. బోనాలప్పుడు ఘటం ఊరేగింపు అదే బాటలో కదులుతుంది. లాడ్ బజార్ గాజులు అమ్మేవాడు, మక్కా మసీదులో నమాజు చేసేవాడు, ఇరానీ చాయ్ తాగేవాడు, పల్లెనుంచి పిల్లలను వెంటేసుకుని చూడవచ్చినవాడు, అందరూ దాన్ని నాది అంటారు. నాలుగు వందల ఏళ్లకు పైగా ఇంతమంది నాది అన్నందుకే అది హైదరాబాద్‌కు గుర్తు అయింది.

ఉద్యమ కాలంలో ఈ కట్టడం మనకు పట్టా కాగితంలా పనిచేసింది. "హైదరాబాద్‌ను మేమే కట్టాం, మేం రాకముందు అక్కడ ఏముంది" అని 2009 తర్వాత టీవీల ముందు కూర్చుని ఎంతమంది మాట్లాడారో పాఠకులకు గుర్తుంది. నగరం చరిత్ర 1956లో మొదలైనట్టు, అది సైబర్ టవర్స్‌తోనే పుట్టినట్టు చెప్పుకొచ్చారు. 1998లో ప్రారంభమైన అద్దాల భవనాన్ని నగరానికి కొత్త ముఖంగా నిలబెట్టాలని చూశారు. వాళ్లకు జవాబుగా మన పిల్లలు పెద్ద పుస్తకాలు విప్పలేదు. చార్మినార్ చూపించారు. 1908లో మూసీ వరద ముంచెత్తితే ఆ అనుభవంతో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చూపించారు. అసెంబ్లీ చూపించారు, హైకోర్టు చూపించారు, ఉస్మానియా ఆసుపత్రి చూపించారు. 1939లో తలుపులు తెరిచిన ఆర్ట్స్ కాలేజీ చూపించారు. ఇవన్నీ ఎవరి చెమటతో, ఎవరి శిస్తుతో కట్టారో అడిగారు. రాయి నోరు లేని సాక్షి. కానీ అబద్ధమాడని సాక్షి.

ఆ రోజుల్లో ఇంకో రకం గుర్తుల రాజకీయం కూడా నడిచింది. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమను చూసి ముచ్చటపడ్డ ఎన్టీ రామారావు మన నగరానికి కూడా అలాంటిది కావాలనుకున్నారు. హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడు వచ్చింది అలా. బుద్ధుడితో మనకు పేచీ లేదు. శాంతమూర్తి ఆయన. ఆ 58 అడుగుల ఏకశిల ఎక్కడిది? భువనగిరి దగ్గరి రాయగిరిది. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని నీళ్ల మీద తరలిస్తుంటే పడవ ఒరిగి సాగర్‌లో మునిగింది. పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లకు పైగా నీళ్ల అడుగున ఉన్న బుద్ధుణ్ణి పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. ఇవాళ సాయంత్రం పూట పడవెక్కి ఫోటోలు దిగేవాళ్లలో చనిపోయిన ఆ కూలీల పేర్లు చెప్పగలిగినవాళ్లు ఎందరు? విగ్రహాన్ని పైకి తీశారు గానీ వాళ్ల పేర్లు ఇంకా నీళ్ల అడుగునే ఉన్నాయి.

అదే సాగర్ గట్టు మీద 1986లో 33 విగ్రహాలు పెట్టారు. తెలుగు జాతి వెలుగులన్నారు. తెలంగాణ వాళ్లకు అసలు చోటే ఇవ్వలేదని మేం అనం. రుద్రమ ఉంది, పోతన ఉన్నాడు, మఖ్దూం ఉన్నాడు. కానీ జోడేఘాట్ కొండల్లో 1940లో నేలకొరిగిన కొమురం భీం ఆ వరుసలో లేడు. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు ఒరిగిన దొడ్డి కొమరయ్య లేడు. విసునూరు దొరకు ఎదురు నిలబడి పంట కాపాడుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ లేదు. మన నగరంలో, మన చెరువు గట్టు మీద, మన పోరాటం కనపడలేదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ఆ గట్టు మీద విగ్రహాలు కూలితే దేశమంతా గుండెలు బాదుకుంది. కూలినవాళ్లలో గొప్ప కవులున్నారు, పెద్దలున్నారు. ఆ కవులతో తెలంగాణకు పగ లేదు, ఎప్పుడూ లేదు. వాళ్ల పుస్తకాలు మన పిల్లలు చదివారు, ఇకముందూ చదువుతారు. ఆ రోజు అడిగిన ప్రశ్న ఉన్నవాళ్ల గురించి కాదు, లేనివాళ్ల గురించి. పాతికేళ్లు మర్యాదగా అడిగితే వినని చెవులకు ఆ చప్పుడు వినబడింది. 2012లో అదే గట్టు మీద కొమురం భీం విగ్రహం వచ్చి నిలబడింది.

ఇప్పుడు అసలు ముచ్చట. తెలంగాణకు తానుగా కట్టుకున్న గుర్తు ఒకటి ఉంది. అసెంబ్లీకి ఎదురుగా గన్‌పార్క్‌లో అమరవీరుల స్తూపం. 1969లో 369 మంది ప్రాణాలిచ్చారని ఉద్యమం చెప్పుకునే లెక్క. వాళ్ల యాదిలో 1970లో నగర మేయర్ శంకుస్థాపన చేస్తే అప్పటి సర్కారు ఓర్చుకోలేక అడ్డంకులు పెట్టింది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. సాంచీ తోరణాల పోలికలు తెచ్చి, అప్పటి తొమ్మిది జిల్లాలకు గుర్తుగా శిఖరాన తొమ్మిది రేకుల పువ్వు పూయించాడు. దానికి చార్మినార్ ఎత్తు లేదు, ఐఫిల్ బురుజు పేరు లేదు. టూరిస్టు బస్సులు అక్కడ ఆగవు. కానీ ఊరేగింపు ఏదైనా అక్కడే మొదలైంది. నిరాహారదీక్షకు కూర్చునేవాళ్లు మొదట అక్కడే దండం పెట్టారు. అరెస్టయినవాళ్లను ఆ మెట్ల మీదినుంచే వ్యాన్లు ఎక్కించారు. ఏ సర్కారు వద్దన్నదో ఆ కుర్చీలో కూర్చునే ముఖ్యమంత్రి ఇవాళ ప్రతి జూన్ 2న అక్కడికి వచ్చి తల వంచాలి. ఏ పార్టీ గెలిచినా సరే, వంచాలి. జనం కట్టుకున్న గుర్తు బలం అంత.

ఆర్ట్స్ కాలేజీ సంగతీ అంతే. కట్టించింది నిజాం. కానీ 2009 చలికాలం తర్వాత ఆ మెట్లు ఎవరివి? లాఠీలు తిన్న విద్యార్థులవి. బాష్పవాయు గోళాల పొగలో కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డ ఆడపిల్లలవి. 2010 జనవరి 3న విద్యార్థి గర్జనకు కదిలివచ్చిన జనానివి. రాజు పేరు మీద ఉన్న విశ్వవిద్యాలయం ప్రజల కోట అయింది. ఎల్‌బీ నగర్ చౌరస్తా సంగతి చెప్పుకుందాం. అదొక మామూలు కూడలి. 2009 నవంబర్ 29న శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్న తర్వాత అది మామూలు కూడలి కాకుండా పోయింది. యాది పెట్టుకోవడానికి ఎత్తైన గోపురాలే అక్కర్లేదు. మోటారు సైకిల్ నంబర్ పలక మీద మన పిల్లలు ఏపీ చెరిపేసి రాసుకున్న టీజీ అనే రెండు అక్షరాలు కూడా ఒక స్మారకమే. 2014లో సర్కారు ఆ అక్షరాలను పక్కన పెట్టి టీఎస్ అన్నది. 2024లో మళ్లీ టీజీ వచ్చింది. జనం ముందే రాసుకున్నదాని దగ్గరికి సర్కారు రావడానికి పదేళ్లు పట్టింది.

ఈ వెలుగులో చిహ్నం గొడవను చూడాలి. 2014 దాకా మన కాగితాల మీద పూర్ణకుంభం ఉండేది. రాష్ట్రం రాగానే కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్ వచ్చాయి. 2024లో సర్కారు వీటిని రాచరికపు ఆనవాళ్లన్నది, తొలగిస్తానన్నది. జూన్ 2 నాటికి కొత్త చిహ్నం తేవాలనుకుని, గొడవ కావడంతో వాయిదా వేసింది. రాచరికం మీద కోపం మాకూ ఉంది. వెట్టి చేయించిన దొరలను, వాళ్లను కాపాడిన రాజ్యాన్ని ఈ నేల ఎదిరించింది. ఆ వారసత్వమే మాది. కానీ ఓరుగల్లు తోరణం ఇవాళ ఏ రాజును గుర్తు చేస్తుంది? లోపల ఉన్న గుడి పోయింది, రాజ్యం పోయింది, తోరణాలు మాత్రం నిలబడ్డాయి. కూలిన దాని నడుమ కూలకుండా నిలబడ్డ తీరు చూసే తెలంగాణ దాన్ని తనదనుకుంది. 1213 నాటి రామప్ప గుడి చూడండి. కట్టించింది రేచర్ల రుద్రుడనే సేనాని. లోకం పిలిచేది మాత్రం శిల్పి రామప్ప పేరుతో. 2021లో యునెస్కో జాబితాకెక్కిన పేరులోనూ రామప్ప ఉన్నాడు. కట్టించినవాణ్ణి దాటి చెక్కినవాణ్ణి యాది పెట్టుకున్న నేల ఇది. ఆ నేలకు రాచరికం గురించి పాఠం చెప్పాల్సిన పని లేదు.

అలాగని చిహ్నాలు మారనే కూడదని మేం అనడం లేదు. అమరుల స్తూపం రాష్ట్ర చిహ్నంలోకి రావాలన్న ఆలోచన వస్తే దానికి చేతులెత్తి మొక్కేవాళ్లం మేమే. మా అభ్యంతరం పద్ధతి మీద. ఒక సర్కారు వస్తుంది, తన ఇష్టం వచ్చిన చిహ్నం గీయిస్తుంది. ఇంకో సర్కారు వస్తుంది, దాన్ని చెరిపి తనది గీయిస్తుంది. తెలంగాణ తల్లి విషయంలో జరిగిందీ ఇదే. ఉద్యమంలో పల్లె పల్లెనా కిరీటంతో నిలబడ్డ తల్లి ఒక రూపం. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో కిరీటం లేకుండా, ఆకుపచ్చ చీరతో, చేతిలో పంట కంకులతో నిలబడ్డ తల్లి ఇంకో రూపం. ఒక పార్టీ మా తల్లే తల్లి అంటుంది, రెండో పార్టీ మా తల్లే అధికారిక తల్లి అంటుంది. తల్లికి జీవో ఏంది? పదేళ్లు అధికారంలో ఉన్నప్పుడు తల్లి రూపాన్ని సభలో చర్చకు పెట్టనివాళ్లకు, అధికారం రాగానే చర్చ లేకుండా మార్చినవాళ్లకు తేడా ఏంది? బతుకమ్మ ఆడే ఆడబిడ్డలను, కోత కోసే కూలీ తల్లులను ఎవరన్నా అడిగారా?

ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. ఉన్న గుర్తులను మన సర్కార్లు ఎలా చూసుకున్నాయన్నది. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలనుకుంటే హైకోర్టు అడ్డుకోవాల్సి వచ్చింది. 2020లో పాత సచివాలయంతో పాటు 19వ శతాబ్దపు సైఫాబాద్ ప్యాలెస్ నేలమట్టమైంది. అదే ఏడాది వానలకు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి నీళ్లు జొచ్చాయి, రోగుల మంచాల కింద మోకాలి లోతు మురుగు నిలిచింది, ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. పేదవాడి ఆసుపత్రి అది. ఉద్యమంలో మనం వేలెత్తి చూపించిన సాక్ష్యం అది. 2017లో వారసత్వ కట్టడాల కోసం చట్టం చేసుకున్నాం. చట్టం కాగితం మీద ఉంది, పగుళ్లు గోడల మీద ఉన్నాయి. అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు చీర పెడతానన్నట్టుంది మన పాలకుల వరస. పరాయి పాలకులు మన యాదిని చెరిపితే కొట్లాడాం. మనవాళ్లే చెరిపితే ఊరుకుంటామా?

2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దీపం ఆకారంలో అమరుల స్మారకం వెలిగింది. అది ఉండాల్సిందే. కానీ వెలుగుతో సరిపోదు. పేర్లు కావాలి. పారిస్‌లో బాస్టిల్ మైదానం నడుమ 1840లో నిలబెట్టిన స్తంభం మీద 1830 జూలై తిరుగుబాటులో చనిపోయిన మామూలు పౌరుల పేర్లు బంగారు అక్షరాలతో ఉన్నాయి. ఇండియా గేట్ మీద వలస పాలకుడు కూడా తన యుద్ధంలో చచ్చిపోయిన 13 వేల మందికి పైగా సైనికుల పేర్లు చెక్కించాడు. 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లున్నాయి. వాషింగ్టన్‌లో 1982 నాటి వియత్నాం గోడ మీద పేర్లు తప్ప ఇంకేమీ లేవు. 21 ఏళ్ల విద్యార్థినిగా మాయా లిన్ ఇచ్చిన నమూనా అది. అక్కడికొచ్చే తల్లులు కొడుకు పేరు మీద వేలు పెట్టి తడుముకుంటారు. వాళ్లకు ఆ రాయే బిడ్డ.

మలిదశలో 1200 మంది బలిదానాలు చేశారని మనం వేదికల మీద చెప్పాం. సర్కారు గుర్తించి సాయం అందించిన కుటుంబాలు అందులో చాలా తక్కువ. ఆ రెండు లెక్కల నడుమ ఎన్ని ఇండ్లు, ఎంతమంది తల్లులు ఉన్నారు? అంకె అయితే ఎవరైనా పెంచొచ్చు, తగ్గించొచ్చు. పేరును తగ్గించలేరు. అందుకే మేం అడుగుతున్నాం. 1969 నుంచి 2014 దాకా ప్రాణాలిచ్చిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, తేదీతో పూర్తి జాబితా ఊరూరా తిరిగి తయారు చేయాలి. గ్రామసభల్లో చదివి వినిపించాలి. ఆ జాబితాను రాతి మీద చెక్కాలి. రాష్ట్ర చిహ్నం గానీ, తల్లి రూపం గానీ మార్చాలనుకుంటే ముందు శాసనసభలో, ఆ తర్వాత ప్రజల్లో చర్చ పెట్టాలి. వారసత్వ చట్టం కింద ఏ కట్టడాలు కాపాడుతున్నారో, దేనికి ఎంత ఖర్చు పెట్టారో ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఈ మూడూ ఏ పార్టీకి వ్యతిరేకం కాదు, ఏ పార్టీకి వంత పాడటమూ కాదు.

విద్యార్థులకు ఒక మాట. మీరు పుట్టకముందో, ఊహ తెలియకముందో జరిగిన కొట్లాట ఇది అనుకోవద్దు. మీ ఊరి అమరుడి పేరు మీరు రాయకపోతే ఎవరూ రాయరు. ఒక నోటు పుస్తకం తీసుకుని ఆ ఇంటికి వెళ్లండి. తల్లి ఉండగానే వెళ్లండి. ఉద్యోగులకు ఒక మాట. 2011లో 42 రోజులు కలం పక్కన పెట్టి సకల జనుల సమ్మె చేసింది మీరు. ఫైళ్లు మీ చేతుల్లో ఉన్నాయి. అమరుల కుటుంబాల దరఖాస్తులు ఏ అల్మారాలో దుమ్ము పట్టి ఉన్నాయో మీకే తెలుస్తుంది. ఒక్క దరఖాస్తు కదిలితే ఒక్క పేరు బతుకుతుంది.

పులిట్జర్ పత్రిక చిల్లర ఇచ్చిన ప్రతి పేదవాడి పేరు అచ్చు వేసింది. మేం చిన్న పత్రికవాళ్లం. మాకు అంత పేజీలు లేవు. కానీ ప్రాణం ఇచ్చినవాళ్ల పేరుకు ఈ పత్రికలో జాగ లేదన్న మాట ఎప్పటికీ రాదు. మీ ఊరినుంచి పేర్లు పంపండి. వారం వారం అచ్చు వేస్తాం. సర్కారు రాతి మీద చెక్కేదాకా కాగితం మీద మేం చెక్కుతాం.

జోహార్ అమరులకు. జై తెలంగాణ.